పాత స్లైడ్లు, నెగెటివ్‌లు ఇంట్లోనే స్కాన్ చేసుకోవడం: పాత స్కానర్‌తో, పాత కంప్యూటర్‌తో, మొదటి నుంచి చివరి దాకా

స్కానర్ కొనే ముందు ఇంట్లో డబ్బాలు తెరవండి. చాలామంది దీన్ని ఉల్టా చేస్తారు. ఎవరో సెకండ్ హ్యాండ్‌లో స్కానర్ అమ్ముతున్నారని ఆత్రంగా కొనేస్తారు, తీరా బీరువాలోంచి బిస్కెట్ డబ్బా తీసి చూస్తే సగం నెగెటివ్‌లు అందులో పట్టని సైజువి. ఇంకొందరికి పెట్టె మీద అచ్చేసిన డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) అంకె తప్ప ఇంకేదీ కనపడదు. నన్నడిగితే ఈ పనిలో స్కానర్ వాటా పావు వంతే. మిగతాదంతా ఏరడం, దుమ్ము దులపడం, పాత మెషీన్‌కి సరిపడే కంప్యూటర్ ఒకటి దానికి అప్పగించి ఇక దాన్ని కదపకుండా ఉండడం.

ముందు మీ దగ్గరున్నవి ఏవో తేల్చుకోండి

మన ఇళ్లలో ఎక్కువగా దొరికేది 35 ఎంఎం నెగెటివ్. యాషికాలు, హాట్‌షాట్‌లు, తర్వాత కొడాక్ కేబీ10లు, చాలావరకు ఈ రీలు వేసుకున్నవే. ఒక్కో ఫ్రేము 36 × 24 మిల్లీమీటర్లు. స్టూడియోవాళ్లు కడిగాక నాలుగేసి, ఆరేసి ఫ్రేముల ముక్కలుగా కోసి ఇచ్చేవాళ్లు. అంతకంటే వెడల్పుగా, చతురస్రంగా నెగెటివ్‌లు కనిపిస్తే అవి 120 రీలువి. ఆగ్ఫా క్లిక్ త్రీ ఇంట్లో ఉండి ఉంటే 6 × 6 సెంటీమీటర్ల నెగెటివ్‌లు, రీలుకు పన్నెండు, తప్పకుండా ఉంటాయి. వీటిని 35 ఎంఎం కోసమే చేసిన స్కానర్ తీసుకోదు. ఈ ఒక్క విషయం తెలిస్తే చాలు, ఏ స్కానర్ కొనాలన్న ప్రశ్న సగం తేలిపోతుంది.

స్లైడ్లయితే 5 × 5 సెంటీమీటర్ల అట్ట ఫ్రేములోనో ప్లాస్టిక్ ఫ్రేములోనో ఉంటాయి. యూనివర్సిటీలో పాఠాలు చెప్పినవాళ్లు, డాక్టర్లు, డెబ్బైల్లో ఎనభైల్లో విదేశాలకు వెళ్లొచ్చినవాళ్ల ఇళ్లలో ఇవి ట్రేలకు ట్రేలు బయటపడతాయి. ఫ్రేము మీద ఏం రాసుందో చూడండి. కొడాక్రోమ్ అని ఉంటే అదృష్టం, చీకట్లో దాచిన కొడాక్రోమ్ రంగు దశాబ్దాలైనా పెద్దగా పోదు. పాత ఎక్టాక్రోమ్, తూర్పు జర్మనీ నుంచి వచ్చిన ఓర్వో స్లైడ్లు చాలావరకు ఎర్రగానో ఊదాగానో తిరిగి ఉంటాయి. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల ‘ఇందు’ బ్లాక్ అండ్ వైట్ రీళ్లు కూడా దొరకొచ్చు. బ్లాక్ అండ్ వైట్‌నీ కొడాక్రోమ్‌నీ విడిగా పెట్టండి, ఎందుకో కింద చెప్తాను.

డబ్బా తెరవగానే వెనిగర్ వాసన గుప్పుమంటే ఆ ఫిల్మ్ అసిటేట్ బేస్ (బొమ్మ పొరని మోసే ప్లాస్టిక్) పాడవడం మొదలైనట్టు. ఆ వాసన అసిటిక్ యాసిడ్‌దే. దగ్గర్లో ఉన్న మిగతా ఫిల్మ్‌ని కూడా అది పాడు చేస్తుంది కాబట్టి వెంటనే వేరే కవర్లోకి మార్చి, స్కాన్ చేసే వరుసలో అన్నిటికంటే ముందు పెట్టండి. వంకర తిరిగి, కుంచించుకుపోయాక స్కానర్ హోల్డర్‌లో అది కూర్చోదు. ఇక 1950కి ముందరి తాతల కాలం ఫిల్మ్ దొరికి, అంచున ‘సేఫ్టీ’ అన్న మాట కనపడకపోతే అది నైట్రేట్ కావచ్చు, సులువుగా అంటుకుంటుంది. దాన్ని వేడిగా ఉండే స్కానర్‌లో పెట్టొద్దు, తెలిసినవాళ్లకు చూపించండి.

తర్వాత ఏరడం. ఫోన్‌లో తెల్లటి స్క్రీన్ పెట్టి, దాని మీద రెండు మూడు అంగుళాల ఎత్తున నెగెటివ్ పట్టుకుని చూస్తే చాలు, లైట్ బాక్స్ కొననక్కర్లేదు. మరీ దగ్గరగా పట్టుకుంటే స్క్రీన్ చుక్కలు కనపడతాయి. పెళ్లి రీళ్లలో ఒకే వరసలో నిలబడ్డ బంధువుల గ్రూపు ఫోటోలు నాలుగైదుంటే ఒకటి రెండు చాలు. అన్నీ స్కాన్ చేస్తానని కూర్చున్నవాళ్లు మూడో రీలు దగ్గరే ఆపేయడం నేను చాలాసార్లు చూశాను. అయితే ఏరిన తర్వాత మిగిలినవి పారేయొద్దు, ఏరనివన్న చీటీ పెట్టి పక్కన దాచండి.

దుమ్ము, బూజు

హైదరాబాద్‌లో ఈ పనికి అసలు శత్రువు దుమ్ము. వీధికొక కన్‌స్ట్రక్షన్ నడుస్తుంటుంది, కిటికీ తెరిస్తే టేబుల్ మీద గంటలో పొర. పైగా ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉండి ఫిల్మ్‌కి స్టాటిక్ పట్టి, ఎంత దులిపినా దుమ్ము మళ్లీ వచ్చి అతుక్కుంటుంది. వానలు పడ్డాక దుమ్ము అణుగుతుంది కానీ తేమతో బూజు తయారు. నాకు నచ్చిన సమయం వానాకాలం వెళ్లాక, అక్టోబరు నుంచి జనవరి దాకా. ఏ నెలైనా సరే పొద్దున్నే, తడిగుడ్డతో నేల తుడిపించి, గంటసేపు గది మూసి, సీలింగ్ ఫ్యాన్ ఆపేసి కూర్చోండి. ఫ్యాన్ ఆపమంటే ఇంట్లోవాళ్లు తిట్టుకుంటారు, తప్పదు. ఏసీ ఉంటే వేసుకోవచ్చు, గాలి నేరుగా టేబుల్ మీదకి రాకుండా చూసుకుంటే చాలు.

కావాల్సినవి తక్కువే: చేత్తో నొక్కే రబ్బర్ బ్లోయర్, మెత్తటి యాంటీ స్టాటిక్ బ్రష్, కాటన్ గ్లోవ్స్, కళ్లద్దాలు తుడిచే మైక్రోఫైబర్ గుడ్డ. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. ఫిల్మ్‌కి రెండు వైపులుంటాయి. మెరిసేది బేస్, కొంచెం మసకగా ఉండేది ఎమల్షన్, బొమ్మ ఉండేది అందులోనే. ఎమల్షన్ వైపు బ్లోయర్ తప్ప ఇంకేదీ తగలనివ్వొద్దు. బేస్ వైపు వేలిముద్రలుంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకి కొద్దిగా అద్ది ఒకే దిక్కున తుడవొచ్చు. ముందు పనికిరాని ఫ్రేము మీద పరీక్షించి చూడండి. మెడికల్ షాపులో దొరికే 70 శాతం రబ్బింగ్ ఆల్కహాల్‌లో మిగతాదంతా నీళ్లు, అది వద్దు. శానిటైజర్ అసలే వద్దు.

బూజు పట్టిన ఫిల్మ్‌ని మాత్రం నీళ్లలో పెట్టొద్దు. మామూలు నెగెటివ్‌ని నీళ్లతో కడగొచ్చని ఎక్కడో చదివి దీనికీ అదే చేస్తుంటారు. బూజు జెలటిన్‌ని తినేసి దాన్ని నీళ్లలో కరిగేలా చేస్తుంది, తడిపితే బొమ్మ కూడా ఆ నీళ్లతోనే పోతుంది. పైపైన ఉన్న బూజును ఫిల్మ్ క్లీనర్‌తో తేలిగ్గా తీసేసి, లోపలికి పాకిన మచ్చల్ని స్కాన్ అయ్యాక సాఫ్ట్‌వేర్‌లో చూసుకోవడమే దారి. ప్లాస్టిక్ కవర్‌కి అతుక్కుపోయిన నెగెటివ్‌ని లాగొద్దు. లాగితే ఎమల్షన్ కవర్‌తోనే వచ్చేస్తుంది.

గాజు పలకల మధ్య బిగించిన స్లైడ్లు కొన్ని ఉంటాయి. వాటిలో గాజు లోపలి వైపే బూజు పడుతుంది, పైగా స్కాన్‌లో ఇంద్రధనుస్సు వలయాలు వస్తాయి. ఓపికగా విప్పి, కొత్త ప్లాస్టిక్ ఫ్రేములోకి మార్చండి. వలయాల సంగతే ఇంకొకటి: నెగెటివ్ మెరిసే వైపు ఫ్లాట్‌బెడ్ (మూత తెరిచి గాజు మీద పెట్టే స్కానర్) గాజుకి నేరుగా తగిలినా ఇవే వస్తాయి, అందుకే హోల్డర్ లేకుండా గాజు మీద ఫిల్మ్ పరచొద్దు. వంకర తిరిగిన ముక్కల్ని స్లీవ్‌లో పెట్టి లావాటి పుస్తకాల కింద వారం ఉంచితే చాలావరకు దారికొస్తాయి.

ఏ మెషీన్

ఇక్కడ కాస్త ఆగుదాం, డబ్బులు వృథా అయ్యేది ఇక్కడే. పాత ఫిల్మ్ స్కానర్లు రెండు రకాలు. ఒకటి ఫిల్మ్ కోసమే చేసినవి: నికాన్ కూల్‌స్కాన్లు, మినోల్టా డిమాజ్‌లు, ప్లస్‌టెక్ ఆప్టిక్‌ఫిల్మ్‌లు. రెండోది మూతలో లైటు ఉన్న ఫ్లాట్‌బెడ్లు: ఎప్సన్ 4490, వీ600, వీ700, కెనాన్ 9000ఎఫ్ లాంటివి. కోనికా మినోల్టా 2006లోనే కెమెరాల వ్యాపారం వదిలేసింది, నికాన్ కూడా ఫిల్మ్ స్కానర్లు ఆపేసి చాలా ఏళ్లయింది. కాబట్టి మీరు కొనేది సర్వీస్ సెంటర్ లేని వస్తువు, ఆ లెక్కలోనే ధర కట్టండి.

పెట్టె మీద డీపీఐని నమ్మొద్దు. వీ600 మీద 6400 అని ఉంటుంది, టెస్ట్ చార్ట్ పెట్టి కొలిస్తే నిజంగా ఇచ్చేది 1500, 1600 మధ్య. వీ700 సుమారు 2300 ఇస్తుంది. ప్లస్‌టెక్‌లు 7200 అంటాయి, వచ్చేది 3200 ప్రాంతం. కూల్‌స్కాన్ 4000 అని చెప్పి దాదాపు అంతా ఇస్తుంది, అందుకే ఇన్నేళ్లయినా దానికి గిరాకీ తగ్గలేదు. మరి మీకెంత కావాలి? 8 × 12 అంగుళాల ప్రింటుకి 300 డీపీఐ లెక్కన 3600 × 2400 పిక్సెళ్లు కావాలి. 35 ఎంఎం నుంచి అది రావాలంటే నిజమైన డీపీఐ సుమారు 2540 ఉండాలి. ఫోన్‌లో, టీవీలో చూసుకోవడానికి అందులో సగం చాలు. 120 నెగెటివ్ పెద్దది కాబట్టి వీ600 కూడా దానికి బాగానే సరిపోతుంది. అంటే 120 ఎక్కువుంటే ఫ్లాట్‌బెడ్, అన్నీ 35 ఎంఎం స్లైడ్లే అయితే ఫిల్మ్ స్కానర్, రెండూ ఉండి బడ్జెట్ ఒక్కదానికే ఉంటే వీ700.

సెకండ్ హ్యాండ్‌లో చూసేటప్పుడు మొదటి ప్రశ్న ‘హోల్డర్లున్నాయా?’ అని. స్కానర్ పాడవకముందే హోల్డర్లు పోతాయి, విడిగా కొనాలంటే వాటి రేటు చూసి కళ్లు తిరుగుతాయి. కూల్‌స్కాన్ అయితే స్లైడ్ అడాప్టర్ ఎంఏ-21, స్ట్రిప్ అడాప్టర్ ఎస్‌ఏ-21 రెండూ అడగండి. రెండో ప్రశ్న కరెంటు. అమెరికా నుంచి అన్నయ్యో వదినో తెచ్చిన స్కానర్ అయితే అడాప్టర్ మీద ‘100-240’ అని ఉందేమో చూడండి. 120 వోల్టులు మాత్రమే రాసుంటే మన 230లో పెట్టిన క్షణంలో పొగ. అలాంటిదానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, లేదా సరిపడే అడాప్టర్ కోఠిలో వెతుక్కోవాలి, వోల్టేజీ, ఆంపియర్, పిన్ పోలారిటీ మూడూ కలవాలి.

మీ ల్యాప్‌టాప్‌లో వ్యూస్కాన్ (స్కానర్లను నడిపే ప్రోగ్రాం) ట్రయల్ వేసుకుని వెళ్లండి. ట్రయల్‌లో బొమ్మ మీద వాటర్‌మార్క్ పడుతుంది, పరీక్షకి అది అడ్డు కాదు. ఫిల్మ్ లేకుండా ఒక స్కాన్, ఫిల్మ్‌తో ఒక స్కాన్ తీయండి. నిలువు గీతలొస్తే ఫ్లాట్‌బెడ్‌లో చాలాసార్లు కారణం చిన్నదే: హోల్డర్ పైభాగంలో కాలిబ్రేషన్ (స్కానర్ తనని తాను సరిచూసుకోవడం) కోసం వదిలిన ఖాళీ కిటికీ మీద దుమ్ము. తుడిచి మళ్లీ చూడండి. కూల్‌స్కాన్‌లో అయితే తెల్ల చీర పక్కన నల్ల జుట్టు ఉన్నట్టు కాంట్రాస్ట్ ఎక్కువున్న స్లైడ్ పెట్టండి. తెలుపు అంచుల చుట్టూ పొగమంచులా పరుచుకుంటే లోపలి అద్దం మీద దుమ్ము పేరుకుందని అర్థం. శుభ్రం చేయొచ్చు, కానీ విప్పాలి, కాబట్టి ఆ మేరకు ధర తగ్గించమనండి. ఎప్సన్ ఫ్లాట్‌బెడ్లలో రవాణా కోసం ఒక లాక్ ఉంటుంది. దాన్ని తీయకుండా ఆన్ చేసి, గరగర శబ్దం వస్తోంది, మెషీన్ పోయిందని అమ్మేసుకునేవాళ్లుంటారు, మీ అదృష్టం బాగుంటే అలాంటిది దొరుకుతుంది.

మాక్రో లెన్స్, కెమెరా ఇప్పటికే ఉంటే అసలు స్కానర్ లేకుండా కూడా పని జరుగుతుంది. సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 పైన ఉన్న ఎల్‌ఈడీ ప్యానెల్, ఫిల్మ్ హోల్డర్, కదలని స్టాండు, ఎఫ్8, తక్కువ ఐఎస్‌ఓ, రా ఫైల్. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫ్రేమంతా నింపితే దాదాపు 4200 డీపీఐతో సమానం. స్పీడులో దీన్ని ఏ స్కానర్ అందుకోలేదు. కానీ దుమ్మూ గీతలూ పోగొట్టే ఇన్‌ఫ్రారెడ్ దీంట్లో ఉండదు, మన డబ్బాల్లోంచి వచ్చే నెగెటివ్‌ల పరిస్థితి చూస్తే నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది.

కంప్యూటర్‌తో కలపడం

పాత స్కానర్ కొనేటప్పుడు వెనకాల ఏ పోర్టు ఉందో చూడకపోతే తర్వాత మొత్తం టెన్షనే. కూల్‌స్కాన్లలో ఎల్‌ఎస్-30, ఎల్‌ఎస్-2000 స్కజీ. ఎల్‌ఎస్-4000, 8000, 9000 ఫైర్‌వైర్. ఎల్‌ఎస్-40, ఎల్‌ఎస్-50, ఎల్‌ఎస్-5000 యూఎస్‌బీ. స్కజీది ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి, దాని కార్డు పెట్టడానికి పీసీఐ స్లాట్ ఉన్న మదర్‌బోర్డే దొరకడం కష్టం. ఫైర్‌వైర్ పర్వాలేదు, డెస్క్‌టాప్‌లో పెట్టుకునే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు ఉన్నాయి, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్నది తీసుకోండి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత కార్డులు, పాత మెషీన్లు అడిగితే ఎవరో ఒకరు లోపల్నుంచి తీసుకొస్తారు. మ్యాక్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక: 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహోలో యాపిల్ ఫైర్‌వైర్‌ని తీసేసింది, కాబట్టి థండర్‌బోల్ట్ అడాప్టర్ల వరసతో నడిపించుకుంటున్నవాళ్లు ఆ మ్యాక్‌ని అప్‌డేట్ చేయొద్దు.

సాఫ్ట్‌వేర్ సంగతి. నికాన్ స్కాన్ 4.0.3 విండోస్ విస్టా 32 బిట్ దగ్గర ఆగిపోయింది. 64 బిట్ విండోస్‌లో డ్రైవర్ ఫైల్ మార్చి నడిపించే చిట్కాలు ఉన్నాయి, పని చేస్తాయి కూడా, కానీ ఒక అప్‌డేట్ రాగానే మళ్లీ మొదటికొస్తుంది. మూడు దారులున్నాయి. వ్యూస్కాన్ కొనుక్కోవడం ఒకటి: 1998 నుంచి వస్తున్న ప్రోగ్రాం, తయారీదారు వదిలేసిన స్కానర్లను కూడా కొత్త విండోస్, మ్యాక్, లినక్స్‌లో నడిపిస్తుంది, ఫిల్మ్‌కి ప్రొఫెషనల్ ఎడిషన్ కావాలి. చూడ్డానికి దాని స్క్రీన్ వికారంగా ఉంటుంది, అలవాటు పడాలి. రెండోది సిల్వర్‌ఫాస్ట్, రంగులు బాగుంటాయి కానీ లైసెన్స్ ఒక్కో స్కానర్ మోడల్‌కి విడిగా కొనాలి, స్కానర్ మారిస్తే మళ్లీ డబ్బు. మూడోది పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ ఎక్స్‌పీ 32 బిట్ వేసి, కంపెనీ ఇచ్చిన పాత సాఫ్ట్‌వేర్‌నే వాడడం.

మూడో దారి పట్టేవాళ్లు ఆ ల్యాప్‌టాప్‌ని ఇంటర్నెట్‌కి కలపొద్దు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి, వైఫై ఆఫ్ చేసి పెన్‌డ్రైవ్‌తో ఫైళ్లు తీసుకోండి. విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది, కాబట్టి స్కానర్ బాగా నడుస్తున్న విండోస్ 10 మెషీన్ ఉంటే దాన్ని స్కానర్‌కే వదిలేసి ఇమెయిలూ బ్యాంకు పనులూ వేరేదాంట్లో చేసుకోండి. వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల ప్రోగ్రాంగా నడిచే ఇంకో కంప్యూటర్) ఎక్స్‌పీ పెట్టి యూఎస్‌బీ స్కానర్ నడపొచ్చు, ఫైర్‌వైర్ మాత్రం వర్చువల్‌బాక్స్‌లో లోపలికి వెళ్లదు. ఏ దారైనా సరే, ఒకసారి పనిచేయడం మొదలైన రోజున ఆ డిస్క్ మొత్తానికి ఇమేజ్ (ఉన్నదున్నట్టు కాపీ) తీసి పెట్టుకోండి, ఇన్‌స్టాలర్ ఫైళ్లు, లైసెన్స్ నంబరు కూడా అందులోనే ఉంచండి, ఎందుకంటే కంపెనీలు తమ డౌన్‌లోడ్ పేజీలు ఎప్పుడు తీసేస్తాయో చెప్పలేం.

కరెంటు పోయే ఏరియా అయితే కంప్యూటర్, స్కానర్ రెండూ యూపీఎస్ మీద పెట్టండి. ఫిల్మ్ సగం లోపలికి వెళ్లాక కరెంటు పోతే ఫీడర్ దాన్ని పట్టుకుని వదలదు.

ఇన్‌ఫ్రారెడ్ ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు పాడు చేస్తుంది

బ్లాక్ అండ్ వైట్‌నీ కొడాక్రోమ్‌నీ విడిగా పెట్టమన్నది దీనికోసమే. డిజిటల్ ఐస్ అనండి, ఐఎస్‌ఆర్‌డీ అనండి, వ్యూస్కాన్‌లో ఇన్‌ఫ్రారెడ్ క్లీన్ అనండి, అన్నిటి సూత్రం ఒకటే. కలర్ ఫిల్మ్‌లోని రంగుల గుండా ఇన్‌ఫ్రారెడ్ కాంతి దాదాపు అడ్డులేకుండా వెళ్లిపోతుంది, దుమ్ము, గీత ఉన్నచోట ఆగుతుంది. అలా ఆగిన చోట్ల మ్యాప్ తీసుకుని సాఫ్ట్‌వేర్ ఆ మచ్చల్ని పూడుస్తుంది. బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మే వెండి రేణువులు, అవి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తాయి. దాంతో సాఫ్ట్‌వేర్ తాతయ్య మీసాన్నే దుమ్ము అనుకుని చెరిపేస్తుంది. కొడాక్రోమ్‌లో కూడా ముదురు భాగాల్లో ఇలాంటి గందరగోళమే వస్తుంది, అంచులు తినేసినట్టు అవుతాయి. కాబట్టి కలర్ నెగెటివ్‌లకి, ఎక్టాక్రోమ్ లాంటి స్లైడ్లకి ఆన్ చేయండి, అదీ ‘లైట్’ దగ్గర. బ్లాక్ అండ్ వైట్‌కి పూర్తిగా ఆఫ్. కొడాక్రోమ్‌కి ఒక స్లైడ్ ఆన్‌లో, ఆఫ్‌లో రెండూ తీసి పక్కపక్కన పెట్టి చూసి నిర్ణయించుకోండి.

స్కాన్ చేయడం

పాత ఫ్లాట్‌బెడ్లలో లైటు సన్నటి ట్యూబ్‌లైటు లాంటిది, ఆన్ చేసిన పావుగంట దాకా దాని వెలుతురు, రంగు స్థిరపడవు. 4490, వీ700 ఈ రకం. ఆన్ చేసి టీ తాగి రండి. వీ600, కూల్‌స్కాన్లు ఎల్‌ఈడీవి, వాటికి ఈ ఎదురుచూపు అక్కర్లేదు.

ఇక వ్యూస్కాన్‌లో నేను చేసే వరస చెప్తాను, వేరే ప్రోగ్రాంలోనూ ఇదే ఆలోచనతో సెట్టింగులు వెతుక్కోవచ్చు. ఇన్‌పుట్‌లో మీడియా రకం ఎంచుకోండి: కలర్ నెగెటివ్, స్లైడ్, బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్, ఏదైతే అది. బిట్లు 48, ఇన్‌ఫ్రారెడ్ ఉంటే 64. డీపీఐ స్కానర్ నిజంగా ఇచ్చేదానికి కొంచెం పైన, అంతే. వీ600లో 6400 పెడితే ఫైల్ ఉబ్బడం తప్ప ఒరిగేదేం లేదు, 2400 చాలు. కలర్ నెగెటివ్ అయితే ముందు రీలు మొదట్లో బొమ్మ పడని నారింజ రంగు ఖాళీ భాగం ప్రివ్యూ తీసి ‘లాక్ ఎక్స్‌పోజర్’ కొట్టండి, మళ్లీ ప్రివ్యూ తీసి ‘లాక్ ఫిల్మ్ బేస్ కలర్’ కొట్టండి. దీంతో ఆ రీలులోని ఫోటోలన్నీ ఒకే లెక్కతో వస్తాయి. ఇది చేయకపోతే ఒకే పెళ్లి పందిట్లో ఒక ఫోటోలో పసుపు చీర ఆకుపచ్చగా, పక్క ఫోటోలో నారింజగా కనపడుతుంది, తర్వాత ఒక్కోటీ సరిచేస్తూ కూర్చోవాలి. రీలు మారితే లాక్ తీసి మళ్లీ మొదటి నుంచి. ఖాళీ భాగం లేకపోతే రెండు ఫ్రేముల మధ్య సందు వాడుకోవచ్చు.

అవుట్‌పుట్‌లో జేపెగ్‌తో పాటు రా ఫైల్ కూడా సేవ్ చేయమనండి. ఈ గైడ్ మొత్తంలో ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి. రా ఫైల్ అంటే స్కానర్ చూసింది చూసినట్టు, నెగెటివ్ నెగెటివ్‌గానే, ఇన్‌ఫ్రారెడ్ చానెల్‌తో సహా. రేపు రంగులు నచ్చకపోయినా, ఇంకో రెండేళ్లకి మెరుగైన సాఫ్ట్‌వేర్ వచ్చినా, స్కానరే చచ్చిపోయినా, ఆ ఫైల్‌నే ఇన్‌పుట్‌గా ఇచ్చి కొత్తగా ఫోటో తీయొచ్చు, ఫిల్మ్‌ని మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. దీనికి చోటు మాత్రం కావాలి. 4000 డీపీఐలో ఒక ఫ్రేము సుమారు 5,670 × 3,780 పిక్సెళ్లు, 16 బిట్‌లో 128 ఎంబీ దాకా, ఇన్‌ఫ్రారెడ్ కలిపితే 170 ఎంబీ దాటుతుంది. 36 ఫోటోల రీలుకి ఆరు జీబీ.

షార్ప్‌నింగ్, గ్రెయిన్ తగ్గించడం, ఆటో కలర్ లాంటివన్నీ స్కాన్ దశలో ఆపేయండి. బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడిందేమో మొదటి ఫ్రేములోనే చూడండి. సైన్‌బోర్డు, స్కూటర్ నంబరు, చీర పవిట ఏ భుజం మీదుందో, వీటిలో ఏదో ఒకటి చెప్పేస్తుంది. కూల్‌స్కాన్‌లో అట్ట ఫ్రేము స్లైడ్ మధ్యలో ఉబ్బి ఉంటే మధ్య షార్ప్‌గా, మూలలు మసకగా వస్తాయి. ఫోకస్ పాయింట్‌ని మధ్యకీ అంచుకీ నడుమ పెడితే రెండూ ఒక మాదిరిగా కుదురుతాయి. ఫ్రేముకి ఒకటి నుంచి ఐదు నిమిషాలు పడుతుంది, మెషీన్‌ని బట్టి, ఇన్‌ఫ్రారెడ్‌ని బట్టి. సాయంత్రానికి ఒక రీలు అనుకుని కూర్చుంటే విసుగు రాదు.

రంగులు

కలర్ నెగెటివ్‌ని మామూలు ఫోటోగా తిరగేయడానికి డార్క్‌టేబుల్ అనే ఫోటో ఎడిటింగ్ ప్రోగ్రాంలో నెగాడాక్టర్ అని ఉంది, ఉచితం. లైట్‌రూమ్ వాడేవాళ్లకి నెగెటివ్ ల్యాబ్ ప్రో ఉంది, డబ్బులు పెట్టాలి. రంగు వెలిసిన స్లైడ్లకి వ్యూస్కాన్‌లోని ‘రిస్టోర్ ఫేడింగ్’ మంచి మొదటి అడుగు. ఎర్రబారిన ఓర్వో స్లైడ్‌లో నీలం, ఆకుపచ్చ కొంతైనా మిగిలి ఉంటేనే రంగు తిరిగొస్తుంది. ఏమీ మిగలకపోతే బ్లాక్ అండ్ వైట్‌గా మార్చేయండి, గంటలు గంటలు కుస్తీ పట్టిన కలర్ కంటే అదే చక్కగా ఉంటుంది. చర్మం రంగు తెల్లగా చేయాలని సరదా పుడుతుంది కొందరికి, దయచేసి వద్దు.

పేర్లు, తేదీలు

ఫైల్ పేరు ‘1987-రీలు04-ఫ్రేము12’ లాగా పెట్టండి, అదే రీలు నంబరు స్లీవ్ మీద కూడా రాయండి. ఏడాది తెలియకపోతే ఫోటోనే అడగాలి. హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధుడు నిలబడి ఉంటే 1992 డిసెంబరు తర్వాతిది. వెనకాల సైబర్ టవర్స్ ఉంటే 1998 దరిదాపుల్లోదో తర్వాతిదో. నుమాయిష్‌లో తీసిందైతే నెల దాదాపు జనవరో ఫిబ్రవరో. బండి నంబర్ ప్లేట్ మీద ఏపీ 9, ఏపీ 10 లాంటి వరస కనిపిస్తే 1989 తర్వాత. కొడాక్ స్లైడ్ల ఫ్రేము మీద చాలాసార్లు కడిగిన నెల, సంవత్సరం అచ్చేసి ఉంటాయి, కాకపోతే తీసిన నెలకీ కడిగించిన నెలకీ మధ్య రీలు కెమెరాలోనే ఆర్నెల్లు ఉండిపోయిన ఇళ్లు మనవి. తేలిన తేదీని ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాంతో ఫైల్‌లోనే రాసేస్తే ఫోన్ గ్యాలరీలో వరసగా కనపడతాయి.

మనుషుల పేర్ల కోసం పెద్దవాళ్లని ఇప్పుడే అడగండి. చిన్న జేపెగ్‌లు టీవీలో పెట్టి, పక్కన ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, ‘అత్తయ్యా, ఇక్కడ ఎడమ చివర నిలబడ్డది ఎవరు?’ అని మొదలుపెడితే మీరు ఆపలేనంత సమాచారం వస్తుంది. కుటుంబం గ్రూపులో వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, ఫోటోగా పంపితే కుదించేస్తుంది.

దాచడం

మూడు కాపీలు: ఇంట్లో ఒక హార్డ్ డిస్క్, వేరే ఊళ్లో ఉన్న తమ్ముడి దగ్గరో చెల్లి దగ్గరో ఇంకొకటి, జేపెగ్‌లు మాత్రం క్లౌడ్‌లో. ఏడాదికోసారి ఆ డిస్కులు పెట్టి తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.

నెగెటివ్‌లని పారేయొద్దు, వెనిగర్ వాసన కొడుతున్నవైనా సరే, వాటిని విడిగా ఉంచండి. పాత పీవీసీ కవర్లలోంచి తీసి పాలీప్రొపిలిన్ స్లీవ్‌లలోకి మార్చండి. అటక మీద వద్దు, మే నెలలో పైకప్పు కింద ఉడికిపోతాయి. వంటింటి గోడకి ఆనుకున్న బీరువా వద్దు. బట్టల్లో వేసే కలరా ఉండలు దగ్గర్లో కూడా పెట్టొద్దు. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ వేసి, నారింజ రంగువి ముదురు ఆకుపచ్చకి తిరిగితే ఓవెన్‌లో 120 డిగ్రీల్లో ఆరబెట్టి మళ్లీ వాడండి, వానాకాలంలో నెలకోసారి చూసుకుంటే సరిపోతుంది.

పనంతా అయ్యాక స్కానర్‌ని మళ్లీ రవాణా లాక్ వేసి, హోల్డర్లు, అడాప్టర్, ఆ పాత ల్యాప్‌టాప్‌తో సహా ఒకే లాట్‌గా అమ్మేయొచ్చు. విడివిడిగా కంటే అలా అమ్మితేనే ఎక్కువ వస్తుంది, కొన్నవాళ్లకి సెటప్ చేసుకునే బాధా తప్పుతుంది. అమ్మే ముందు ల్యాప్‌టాప్‌లోని మీ ఫోటోలు తీసేయడం మర్చిపోవద్దు.